మైనం సిలిండర్ నుంచి మా పిన్ని పెడల్ దాకా: డిక్టేషన్ మెషీన్ కథ (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లో మొదలైంది, కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

మా బాబాయికి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం. ఆయన టైప్ చెయ్యడు. చెయ్యడం రాక కాదండోయ్, ఓపిక లేక. వాట్సాప్‌లో అన్నీ వాయిస్ మెసేజ్‌లే. పోయిన నెల ఒకటి పంపాడు, 4 నిమిషాల 40 సెకన్లు. కర్నూలు లోడు ఎప్పుడొస్తుంది, హమాలీలు ఏమన్నారు, మధ్యలో ఎవరికో "ఆ బస్తా అటు పెట్టరా" అని కేక, వీటన్నిటి మధ్యలో ఎక్కడో డ్రైవరుకి నేను ఎంత ఫోన్‌పే చెయ్యాలో చెప్పాడు. అది ఎక్కడ? ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను, మూడుసార్లు విన్నాను. దొరకలేదు.

అక్కడే మా పిన్ని కూరగాయలు తరుగుతోంది. "ఇలా తేరా" అని ఫోన్ లాక్కుని, స్పీడు పెంచి, చెవి దగ్గర పెట్టుకుని, పక్కనున్న కరెంటు బిల్లు వెనకాల మొత్తం రాసేసింది. ఎవరు ఏమన్నారో, ఏ అంకె ఎక్కడ వచ్చిందో అన్నీ. నేను ఒక విషయం గమనించాను. రాస్తున్నంతసేపూ కుర్చీ కింద ఆవిడ కుడికాలు ఆడుతూనే ఉంది. కుట్టుమిషను తొక్కుతున్నట్టు.

"అదేంటి పిన్నీ, కాలు?" అన్నాను.

"పెడల్ రా. ఎనిమిదేళ్లు తొక్కాను. పోదు" అంది.

ఆ పెడల్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే నేను 1880ల్లో తేలాను. మైనం, సబ్బు, కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ, ఒక దివాలా తీసిన కంపెనీ, చివర్లో మైక్రోసాఫ్ట్. రండి.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. ఒకళ్లు చెప్తారు, ఇంకొకళ్లు రాస్తారు. ఇది మనకి కొత్తేం కాదు. తిక్కన చెప్తుంటే కుమ్మరి గురునాథుడు రాశాడని కథ ఉంది కదా. మధ్యలో ఆపకూడదని నియమం. ఒక చోట తిక్కనకి పద్యం తట్టక, ఇంకేం చెప్పాలో తెలియట్లేదయ్యా అన్న అర్థంలో ఒక మాట అన్నాడట, ఆ మాటే ఛందస్సులో ఇమిడిపోయి పద్యం పూర్తయిందట. నిజమో కాదో పక్కన పెట్టండి, కథ మాత్రం డిక్టేషన్‌లో ఉన్న ఇబ్బందిని సరిగ్గా పట్టుకుంది: చెప్పేవాడు, రాసేవాడు ఇద్దరూ ఒకే టైములో, ఒకే చోట, ఒకే స్పీడులో ఉండాలి. మన పక్కనే వీరవాసరంలో పెరిగిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారికి చూపు సమస్య. ఆయన చెప్తుంటే వేరేవాళ్లు రాసేవారు. ఆయనకి మాట వచ్చినప్పుడు రాసే మనిషి ఎదురుగా ఉండాలన్నమాట.

ఆఫీసుల్లో ఈ పని స్టెనోలది. గూడెంలో పెద్దవాళ్లని అడగండి, టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి లోయర్, హయ్యర్ పాసైన వాళ్లు వీధికి ఇద్దరు దొరుకుతారు. ఆఫీసరు చెప్తుంటే గీతల్లో రాసుకోవడం, తర్వాత ఆ గీతల్ని చదువుకుని టైప్ చెయ్యడం. అంటే ఒక ఉత్తరానికి స్టెనో రెండుసార్లు పని చేస్తున్నాడు. పైగా ఆఫీసరుకి రాత్రి తొమ్మిదింటికి ఐడియా వస్తే స్టెనో కూడా ఉండాలి.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది సింక్రనస్ కాల్. ఒకళ్లు ఖాళీ అయ్యేదాకా ఇంకొకళ్లు బ్లాక్. మధ్యలో ఒక బఫర్ పెడితే? చెప్పేవాడు చెప్పి వెళ్లిపోతాడు, రాసేవాళ్లు తర్వాత తీరిగ్గా విని రాస్తారు. ఆ బఫరే మన మైనం సిలిండర్.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ చేశాడు. తిరిగే ఇత్తడి సిలిండర్ మీద తగరపు రేకు చుట్టి, మాటకి అదిరే పల్చటి పొరకి ఒక సూది బిగించి, ఆ సూదితో రేకు మీద నొక్కులు పడేలా చేశాడు. మరుసటి ఏడాది ఒక పత్రికలో ఈ మెషీన్ దేనికి పనికొస్తుందో లిస్టు రాశాడు. మొదటిది ఏంటనుకుంటున్నారు? పాటలు కాదండి. ఉత్తరాలు, డిక్టేషన్, స్టెనో అవసరం లేకుండా. రెండోది చూపు లేనివాళ్లకి మాట్లాడే పుస్తకాలు. సంగీతం నాలుగోది. ఇప్పుడు మన ఫోన్లో పాటలు మొదటి స్థానంలో ఉన్నాయి, ఆయన మాత్రం ఆఫీసు మెషీన్ అనుకున్నాడు.

కానీ తగరపు రేకు పనికిరాలేదు. నాలుగైదుసార్లు వింటే నొక్కులు చెదిరిపోతాయి. రేకు ఒకసారి తీసేస్తే మళ్లీ సరిగ్గా అదే చోట చుట్టడం దాదాపు అసాధ్యం. ఆఫీసులో ఎవరు వాడతారు? ఎడిసన్ కూడా దాన్ని వదిలేసి కరెంటు బల్బు వెనకాల పడ్డాడు.

తర్వాత అడుగు వేసింది టెలిఫోన్ గ్రాహంబెల్ టీము. బెల్‌కి ఫ్రాన్స్ ప్రభుత్వం వోల్టా బహుమతి కింద 50,000 ఫ్రాంకులు ఇచ్చింది. ఆ డబ్బుతో వాషింగ్టన్‌లో ల్యాబ్ పెట్టి, తన కజిన్ చిచెస్టర్ బెల్‌నీ, చార్లెస్ సమ్నర్ టెయింటర్ అనే పనిమంతుణ్నీ కూర్చోబెట్టాడు. వాళ్లు చేసిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. అట్ట గొట్టం మీద మైనం పూశారు. సూదితో నొక్కే బదులు, గీరి గాడి తీశారు. అంతే. నొక్కితే పక్కనున్న మెటీరియల్ కూడా వంగుతుంది, గీరితే అక్కడిది మాత్రమే ఊడి వచ్చేస్తుంది, కాబట్టి మాట స్పష్టంగా ఉంటుంది. 1886 మే 4న పేటెంట్లు వచ్చాయి. పేరు గ్రాఫోఫోన్. ఫోనోగ్రాఫ్‌ని తిరగేసి పెట్టిన పేరు, క్రియేటివిటీ అక్కడితో అయిపోయినట్టుంది.

ఇది చూసి ఎడిసన్‌కి ఒళ్లు మండింది. మళ్లీ రంగంలోకి దిగి 1888లో అట్ట లేకుండా మొత్తం మైనంతోనే చేసిన మందపాటి సిలిండర్ తెచ్చాడు. మందం ఎందుకు? ఇక్కడే ఈ కథలో నాకు బాగా నచ్చిన ఐడియా ఉంది.

చిన్నప్పుడు పలక మీద రాసి, తుడిచి, మళ్లీ రాసేవాళ్లం కదా. మైనాన్ని తుడవలేం. కానీ వడ్రంగి చెక్కని చిత్రిక పట్టినట్టు, పైపొరని సన్నగా గీకెయ్యొచ్చు. గాడి లోతు వెంట్రుక కన్నా తక్కువే. ఆ కాస్త గీకేస్తే పాత మాట పొట్టుగా రాలిపోతుంది, కింద నున్నటి కొత్త మైనం వస్తుంది. ఒకే సిలిండర్‌ని ఇలా డజన్లకొద్దీ సార్లు వాడొచ్చు. గోడ మరీ పల్చనయ్యాక పారేస్తారు. అంటే ఇది రీరైటబుల్ స్టోరేజ్, కాకపోతే ప్రతి డిలీట్‌కీ డిస్కు కాస్త సన్నబడుతుంది. మీ ఫోన్లో ఉన్న ఫ్లాష్ మెమరీకి కూడా రాసి చెరిపే లెక్కకి ఒక పరిమితి ఉంటుంది, కాబట్టి మరీ పాతకాలం అని నవ్వక్కర్లేదు.

ఇంకో మాట. మైనం మైనం అంటున్నాం గానీ, ఎడిసన్ సిలిండర్లు చాలావరకు మైనం కాదు. కొవ్వు నుంచి తీసిన స్టియరిక్ యాసిడ్‌ని క్షారంతో కలిపి చేసిన పదార్థం. కెమిస్ట్రీ గుర్తుందా? కొవ్వు ఆమ్లం ప్లస్ క్షారం అంటే సబ్బు! గట్టి లోహపు సబ్బు. ఆఫీసరుగారి సీరియస్ ఉత్తరాలన్నీ సబ్బు మీద రాసినవే. అందుకే ఆ పాత సిలిండర్లకి చెమ్మ తగిలితే బూజు పట్టి గాడుల్ని తినేస్తుంది. మన కొల్లేరు గాలిలో అయితే ఎన్నాళ్లు ఉండేవో చెప్పక్కర్లేదు.

మరి ఇంత మంచి ఐడియా హిట్ అయిందా? లేదు. ఘోరంగా ఫ్లాప్. పిట్స్‌బర్గ్‌లో గాజు వ్యాపారం చేసిన జెస్సీ లిపిన్‌కాట్ అనే ఆయన ఎడిసన్ మెషీన్ల హక్కులూ, గ్రాఫోఫోన్ అమ్మే హక్కులూ తీసుకుని 1888లో నార్త్ అమెరికన్ ఫోనోగ్రాఫ్ కంపెనీ పెట్టాడు. మెషీన్ అమ్మడు, ఏడాదికి 40 డాలర్ల అద్దెకి ఇస్తాడు. ఇప్పుడు మనం సబ్‌స్క్రిప్షన్ అంటున్నది అదే. కానీ మెషీన్లు మాటిమాటికీ పాడయ్యేవి. ఎడిసన్ దానికి మోటారు, గాజు సీసాల్లో యాసిడ్ బ్యాటరీలు. గ్రాఫోఫోన్‌కి అయితే కుట్టుమిషన్‌లాగా కాలితో తొక్కాలి. పోలిక కాదండి, ఆ మెషీన్లు తయారైంది నిజంగానే బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో హౌ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో. ఒక కంపెనీ సిలిండర్ ఇంకో కంపెనీ మెషీన్‌కి ఎక్కదు. చార్జర్ గొడవలు అప్పటి నుంచీ ఉన్నాయి.

దీనికి తోడు స్టెనోలు. తమ ఉద్యోగం తినడానికి వచ్చిన మెషీన్‌ని ఎవరు ప్రేమగా చూసుకుంటారు? కానీ ఇందులో ఒక మెలిక ఉంది. వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ ప్రసంగాలు రాసుకునే స్టెనోలు దీన్ని ఎగబడి వాడారు. వాళ్లు ఏం చేశారంటే, తమ షార్ట్‌హ్యాండ్ నోట్సుని చూసి మెషీన్‌లోకి చదివేవారు, అది విని టైపిస్టులు కొట్టేవారు. అంటే స్టెనో చేతిలో పని సగం తగ్గింది. ఆ ఏరియా హక్కులు ఉన్న కొలంబియా కంపెనీని నడిపిన ఎడ్వర్డ్ ఈస్టన్ కూడా మొదట్లో కోర్టు స్టెనోయే. స్టెనో చేతికి ఇస్తే పనిముట్టు, స్టెనో నెత్తిన పెడితే శత్రువు. మెషీన్ మాత్రం ఒకటే.

1889 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో లూయిస్ గ్లాస్ అనే ఆయన ఒక బార్‌లో ఈ మెషీన్ పెట్టి, నాణెం వేస్తే చెవి గొట్టాల్లోంచి పాట వినిపించేలా చేశాడు. డబ్బులు అక్కడ వచ్చాయి. ఆఫీసు మెషీన్ కంపెనీ 1894లో దివాలా తీసింది, లిపిన్‌కాట్ అదే ఏడాది చనిపోయాడు. పాట వ్యాపారం పరుగెత్తింది.

డిక్టేషన్ మళ్లీ లేచింది 1900లు దాటాక. మెషీన్లు బాగుపడ్డాయి, నగరాల్లో ఆఫీసులకి కరెంటు వచ్చింది. 1907లో కొలంబియా వాళ్లు డిక్టాఫోన్ అనే పేరుని ట్రేడ్‌మార్క్ చేశారు. ఎడిసన్ వాళ్లది ఎడిఫోన్. ఆఫీసు సిలిండర్ 6 అంగుళాల పొడవు, పాటల సిలిండర్ కన్నా పెద్దది. ఆఫీసుకి మూడు మెషీన్లు ఉండేవి. ఒకటి ఆఫీసరు బల్ల పక్కన, గొట్టంలోకి నోరు పెట్టి మాట్లాడటానికి. రెండోది టైపిస్టు దగ్గర, చెవి గొట్టాలతో వినడానికి. మూడోది గీకుడు మెషీన్, ఒక మూలన, సాయంత్రం పొట్టు రాలుస్తూ.

ఆ రెండో మెషీన్ దగ్గరే మన పెడల్. చేతులు రెండూ టైప్‌రైటర్ మీద ఉంటాయి. ఆపాలన్నా, కాస్త వెనక్కి వెళ్లి మళ్లీ వినాలన్నా ఖాళీగా ఉన్నది కాలే. మొదట్లో సిలిండర్ తిప్పడానికి తొక్కిన కాలు, తర్వాత ఆపడానికి, నడపడానికి తొక్కింది.

మరి నా వాయిస్ మెసేజ్ సమస్య? అది వాళ్లకీ ఉంది. డ్రాక్యులా నవల తెలుసు కదా, 1897లో వచ్చింది. అందులో డాక్టర్ సీవర్డ్ తన డైరీని ఫోనోగ్రాఫ్ సిలిండర్ల మీద చెప్పుకుంటాడు. నెలలు గడిచాక మీనా అడిగితే అప్పుడు తట్టింది ఆయనకి, ఇందులో నాకు కావాల్సిన ముక్క ఎక్కడుందో ఎలా వెతకాలని! చివరికి మీనా కూర్చుని మొత్తం విని టైప్ చేస్తుంది. రక్తం తాగే దెయ్యాన్ని పట్టుకోవడానికి కూడా ఒక ట్రాన్స్‌క్రిప్షనిస్టు కావాల్సి వచ్చింది. నిజం ఆఫీసుల్లో దీనికి ఒక చిన్న ఉపాయం చేశారు. సిలిండర్ పొడవుకి సరిపోయేలా ఒక కాగితం చీటీ మెషీన్ ముందు పెట్టేవారు. ఉత్తరం ఇక్కడ అయిపోయింది, ఇక్కడ తప్పు చెప్పాను, అని ఆఫీసరు ఆ చీటీ మీద గుర్తు పెడతాడు. గీరిన మైనంలో మధ్యలో దిద్దడం కుదరదు కాబట్టి, దిద్దుబాటు అంతా చీటీ మీద. టైపిస్టు ముందు చీటీ చూసి, తర్వాత వింటుంది. మా బాబాయికి అలాంటి చీటీ ఒకటి కావాలి.

ఇక్కడ ఒక పక్కదారి. ఇదే రకం మైనం సిలిండర్లు మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చాయి, కానీ ఆఫీసు పనికి కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్స్టన్, ఆయన అసిస్టెంట్ కె. రంగాచారి 1901 నుంచి కులాలు, తెగల సర్వే చేసినప్పుడు ఫోనోగ్రాఫ్‌తో పాటలు రికార్డు చేశారు. అక్కడ ప్రతి సిలిండరూ దాచాల్సిన వస్తువు. అదే సిలిండర్ న్యూయార్క్ ఆఫీసులో ఉంటే సాయంత్రానికి పొట్టు. అందుకే ఆ కాలపు పాటలు మనకి బోలెడు దొరుకుతాయి గానీ, మామూలు ఆఫీసు మనిషి మామూలుగా మాట్లాడిన మాటలు చాలా అరుదు. లక్షల గంటలు మాట్లాడి ఉంటారు. అన్నీ గీకేశారు. మిగిలింది ఉత్తరాలే, అంటే టైపిస్టు విన్నదే మిగిలింది. ఆవిడ తప్పు విని ఉంటే, ఆ తప్పే చరిత్ర.

1947లో డిక్టాఫోన్ వాళ్లు మైనం వదిలేసి ప్లాస్టిక్ బెల్టు తెచ్చారు, డిక్టాబెల్ట్. దాన్ని చెరపడం కుదరదు. చెరపలేకపోవడాన్నే గొప్పగా చెప్పి అమ్మారు, సాక్ష్యంగా పనికొస్తుందని. 1963లో కెనెడీని కాల్చిన రోజు డల్లాస్ పోలీసుల రేడియో మాటలు రికార్డయింది అలాంటి బెల్టు మీదే. తర్వాత టేపు, క్యాసెట్, డిజిటల్, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1990ల చివర్లో, 2000 తర్వాత హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఊపు వచ్చింది. అమెరికాలో డాక్టరు పేషెంటుని చూసి రిపోర్టు నోటితో చెప్పేస్తాడు. ఆ ఆడియో ఇంటర్నెట్‌లో ఇక్కడికి వస్తుంది. వాళ్లకి రాత్రి అయ్యేటప్పటికి మనకి పగలు, వాళ్లు లేచేసరికి రిపోర్టు రెడీ. సిలిండర్ బఫర్‌ని ఆఫీసు పక్కగదిలోంచి భూగోళం అవతలి వైపుకి పెట్టారన్నమాట. అమీర్‌పేటలో కోర్సు బోర్డులు. లైనుకి ఇంత అని లెక్క, లైను అంటే 65 అక్షరాలు, ఖాళీలతో కలిపి.

మా పిన్ని జువాలజీ డిగ్రీ చేసి గూడెం నుంచి అలాగే వెళ్లింది. హెడ్‌సెట్, పెడల్, మెడికల్ డిక్షనరీ. "మొదటి నెల నాకు ఒక్క ముక్క అర్థం కాలేదురా. ఒక డాక్టరు అయితే తింటూ చెప్పేవాడు" అంది. తర్వాత యాస వినగానే ఏ డాక్టరో చెప్పేసేదట. ఒకసారి డాక్టరు ఎడమకాలు అని మొదలుపెట్టి మధ్యలో కుడికాలు అన్నాడట. రాసింది రాసినట్టు పంపకుండా, ఖాళీ వదిలి, డాక్టరుకి ప్రశ్న పెట్టింది. ఎడమే అని జవాబు వచ్చింది. "నేను అడక్కపోతే ఎవడి కాలు కోసేవారో" అని ఇప్పటికీ అంటుంది.

పెళ్లయ్యాక గూడెం వచ్చి ఇంటి నుంచే చేసింది. తర్వాత కంపెనీ కొత్త పద్ధతి పెట్టింది. ముందు సాఫ్ట్‌వేర్ ఆడియో విని రాసేస్తుంది, పిన్ని వాళ్లు దిద్దాలి. దిద్దడమే కాబట్టి లైనుకి సగం డబ్బులు. "కొట్టడం కన్నా దిద్దడానికి ఎక్కువ టైం పట్టేది. అదేమో నమ్మకంగా తప్పు రాస్తుంది, చదువుతుంటే నిజమే అనిపిస్తుంది. మొత్తం వినాల్సిందే." ఇలాంటి సాఫ్ట్‌వేర్ బాగుపడేది ఎలా? మనుషులు దిద్దిన ఆడియో, టెక్స్టు జతలు చూసి నేర్చుకునే. నేను ఇంజినీర్‌ని, ఇది నాకు తెలుసు. పిన్నికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్తే ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. "అయితే దానికి ట్యూషన్ ఫీజు నాకు రావాలి కదరా" అంది.

నేను దీనికి సమాధానం చెప్పలేకపోయాను. ఎందుకంటే నా మొదటి ఉద్యోగంలో మేం చేసింది సరిగ్గా అలాంటి పనే, వేరే రంగంలో. మనుషులు దిద్దినవి తీసుకుని మోడల్‌కి తినిపించడం. ఆ దిద్దినవాళ్ల పేర్లు మా డేటాలో ఒక నంబరుగా ఉండేవి. నేను ఎప్పుడూ అడగలేదు వాళ్లు ఎవరని.

ఇక కంపెనీ చరిత్ర చూడండి. డిక్టాఫోన్‌ని 2000లో బెల్జియం స్పీచ్ కంపెనీ లెర్నౌట్ అండ్ హాస్పీ కొంది, కొన్నాక కొద్ది నెలల్లోనే దివాలాకి వెళ్లింది. 2006లో న్యువాన్స్ దాదాపు 36 కోట్ల డాలర్లకి డిక్టాఫోన్‌ని తీసుకుంది, ముఖ్యంగా హాస్పిటల్ డిక్టేషన్ వ్యాపారం కోసం. ఆ న్యువాన్స్‌ని మైక్రోసాఫ్ట్ 1,970 కోట్ల డాలర్లకి కొంటామని 2021లో ప్రకటించి, 2022లో కొనేసింది. మైనం గీకిన కంపెనీ వారసత్వం ఇప్పుడు అక్కడుంది. ఇప్పుడు డాక్టరు డిక్టేట్ కూడా చెయ్యక్కర్లేదు, పేషెంటుతో మాట్లాడుతుంటే విని నోట్ రాసే సాఫ్ట్‌వేర్ వచ్చింది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పాత ఆఫీసు ఉత్తరాల అడుగున ఎడమవైపు చిన్నగా ఒక గుర్తు ఉంటుంది. చెప్పినవాడి పేరు పొడి అక్షరాలు పెద్దగా, ఒక గీత, తర్వాత టైపిస్టు పొడి అక్షరాలు చిన్నగా. పిన్ని చేసిన రిపోర్టుల అడుగున కూడా అలాగే ఉండేదట, డాక్టరు అక్షరాలు, గీత, పిన్నివి రెండు. "అమెరికాలో ఏదో హాస్పిటల్ ఫైల్లో ఇంకా ఉంటాయేమో" అంది. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ రెండు అక్షరాలు పెట్టడం మానేశారట.

మా బాబాయి డ్రైవరుకి చెప్పింది 3,500. కరెంటు బిల్లు వెనకాల పిన్ని రాసిన దాంట్లో ఆ అంకె కింద గీత కూడా గీసింది. నేను ఫోన్‌పే చేసేశాను. సాయంత్రం బాబాయి ఇంకో వాయిస్ మెసేజ్ పంపాడు, 6 నిమిషాలు. పిన్ని వినను అంది.

మీ ఇంట్లో ఎవరైనా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, ట్రాన్స్‌క్రిప్షన్‌లో గానీ పని చేసి ఉంటే వాళ్లని అడిగి నాకు రాయండి. వాయిస్ మెసేజ్ వద్దు ప్లీజ్. ఉంటానండి.